మంచు గుర్తు

సేఠ్ కొత్త బండి తెచ్చిన రోజు
గేరు పక్కన గుండ్రటి మీట చూసి
పాటల పెట్టెదేమో అనుకున్న.
మీట చుట్టూ తెల్లటి గుర్తులు:
రోడ్డు, బురద, ఇసుక,
ఆఖరుకు ఆరు రెక్కల మంచు.
సిరోంచల మంచు!
మే నెలల ఇక్కడ కుక్కలు గూడ
బోరింగు గద్దె మీద తడి వెతుక్కుని పంటయి.

పదకొండేండ్లు జీపు నడిపినోణ్ణి.
దానికి ఒకటే మోడు, నా మోకాలు.
జారితే ముందు నా నడుముకు తెలిసేది,
తర్వాత కంటికి, ఆఖరుకు కాలికి.
ఈ బండి నడుము నాది కాదు.
పొదుపు మోడుల పెడలు తొక్కితే
"ఏందీ?" అని ఒకసారి అడిగి కదుల్తది.
జోరు మోడుకు తిప్పితే స్టీరింగు బిగుసుకుని
కాలు ఆనిస్తే చాలు
కోడెదూడ తాడు తెంపుకున్నట్టే.

శ్రావణంల ఆలపల్లి రోడ్డు.
తారుకు అతుక్కున్న టేకు ఆకులు
నానిన సబ్బు బిళ్ళలు.
ఆ పొద్దు కోడెదూడ మీదనే ఉన్న.
రేపనపల్లి దాటినంక మలుపు,
మలుపు నడిమిట్ల బర్రెల మంద.
వెనక చక్రం జారింది.
నేనింకా అయ్యో అనలే,
ముందల పసుపుపచ్చ దీపం మిణుకుమన్నది.
కింద ఎవరో పండ్లు కొరికినట్టు
కటకటకట.
జారే చక్రాన్ని పట్టి,
ఇంజను గొంతు తగ్గించి,
నిలబడ్డ చక్రానికి బలం మళ్ళించింది.
బర్రె చెవి గూడ కదపలే.
నేను దిగి రెండు బీడీలు తాగిన.
బండి మీద గౌరవం వచ్చింది,
కొంచెం కోపం గూడ.
పదకొండేండ్ల నడుము దండుగాయెనా?

మాఘంల ప్రాణహిత సన్నబడ్డది.
మిర్చి కల్లం కాడికని ఇసుకల దిగినం.
పక్క సీట్ల సేఠ్ కొడుకు, ఫోన్ల ఆట.
వెనక కూలీల మేస్త్రీ కుడిమెత సోమ్రీబాయి,
ఒడిల తూకం రాళ్ళ సంచి.
మీట రోడ్డు గుర్తు మీదనే మరిచిన.
నలభై అడుగులు పోయినమో లేదో
మిణుకు. మిణుకు. మిణుకు.
చక్రం తిరగబోతే పట్టుకుంటది,
తిరగబోతే పట్టుకుంటది.
తడి రోడ్డు మీద ఆదుకున్న చెయ్యే
ఇసుకల మెడ పట్టింది.
ఇరుసు దాక కూసున్నం.

సోమ్రీబాయి దిగింది,
చెప్పులు చేతుల పట్టుకున్నది.
"కాలు జారొద్దంటే ఇసుకల నడవలేం, డ్రైవరూ.
జారనియ్యాలె. జారుకుంటనే పోవాలె.
మడమ పాతినోడే ఆగిపోతడు."
నాలుగడుగులు నడిచి చూపించింది,
పాదాల వెనక ఇసుక పారుకుంట.

అగ్గిపుల్లతో టైర్ల గాలి తీసిన,
ముప్పైమూడు నుంచి పద్దెనిమిదికి.
మీట ఇసుకకు తిప్పి
దీపం బొత్తాం ఐదు లెక్కబెట్టేదాక అదిమి పట్టిన.
ముందల ఇసుక రాసుకు నీడ పడ్డది.
తొక్కిన.
బండి తోక ఊపుకుంట లేచింది,
రెండు దిక్కుల ఇసుక ఫౌంటెన్లు.
తోక ఎడమకు పోతే ముక్కు ఎడమకు,
కుడికి పోతే కుడికి,
ఎవరూ పట్టుకోలే.
నిద్రపోయిన నడుము లేచి కూసున్నది.
సేఠ్ కొడుకు ఫోను కింద పడేసి
"అరె బాప్ రే!"

గట్టి నేల తగిలినంక
బొత్తాం మళ్ళ నొక్కిన, చెప్పకుండనే.
ముందు ఇంటికి చేరాలె గద.

ఏడాది అయింది.
రోడ్డు గుర్తు నా బొటనవేలికి చెరిగింది,
ఇసుక గుర్తు సగం గీరుకపోయింది.
మంచు గుర్తు మాత్రం తెచ్చిన రోజు లెక్కనే తెల్లగ.
మొన్న పుష్యంల తెల్లారుజాము
చేన్ల మీద ఏమీ కనబడ్తలే.
మిర్చి ఆకుల కొసల నీళ్ళు,
అద్దం మీద పాలపొర.
వెనక సీట్ల నుంచి సోమ్రీబాయి అడిగింది,
"మంచుకు గూడ ఓ గుర్తుందంటివి.
మరి గీ మంచుకు పనికొస్తదా?"

వేలు దాని దాక పోయింది.
లైట్లు ఏసుకుని
మెల్లగ పోనిచ్చిన.